వెనక గది చెమ్మ

మదురై, వెళి వీధి
1868, విభవ సంవత్సరం, ఆడి నెల 20

అన్నూరులో ఉండే మా అన్న వరదరాజుకు చెల్లెలు జానకమ్మాళ్ దండం పెట్టి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. నా కూతురూ నీ కోడలూ అయిన పంకజవల్లి ఆడి నెలకు పుట్టింటికి వచ్చి ఇరవై రోజులైంది. కొత్తగా పెళ్లైన పిల్లను ఆడిలో అత్తింట ఉంచరాదని పెద్దలు పెట్టిన కట్టుబాటు ఎవరికి మంచిదో గాని నాకు మాత్రం చాలా మంచిది. వచ్చిన రోజునుంచీ అత్త సీతమ్మాళ్ చేసే రాగి సంకటి గొప్పే చెబుతోంది. విని విని నా వంట నాకే సహించడం లేదు.

నాన్న నాకు ఇసకలో అక్షరాలు దిద్దిస్తుంటే "ఆడపిల్ల రాసి ఎవరికి పంపాల?" అని నువ్వే నవ్వినావు. ఇదిగో, నీకే పంపుతున్నాను. అదీ ఫిర్యాదు.

వెనక గది గోడకు చెమ్మ ఎక్కింది. నా నడుము ఎత్తు దాకా సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద నల్లగా బూజు. తలుపు తీస్తే తడి గోనె వాసన. నా పెళ్లి పట్టుచీర పెట్టెలో మడత మీదే మచ్చలు పడింది. ఆ గదిలోనే నేనూ పిల్లా పడుకుంటాం. ముందు గది నిండా మీ బావ కోర్టు కాగితాలూ, ఆయన కోసం వచ్చే మనుషులూ.

ఆయన అంటారు గదా: "మనము బాడుగ ఇచ్చి ఉండేవాళ్లము. ఇంటిగలాయనకు చెప్పు." నీ ఇంట్లో ఊరికే ఉంటే బావమరిది నీడన బతుకుతున్నాడని నలుగురూ అంటారని, పట్టుబట్టి బాడుగ ఇస్తున్న మనిషి. అన్నకు రాస్తే ఇంటిగలాయన చదువుతాడో, ఇంటిగలాయనకు రాస్తే అన్న చదువుతాడో నాకు తెలియదు. ఎవరు చదివినా మేస్త్రిని పంపించండి.

వదినకు నా మాటగా చెప్పు, సంకటి పోటీలో నేను ఓడిపోయాను.

నీ చెల్లెలు
జానకి


అన్నూరు
ఆడి 30

చిరంజీవి జానకికి అన్న దీవించి రాసేది.

నీ ఉత్తరం ముందు చదివింది అన్నే. ఇంటిగలాయన పొలంలో ఉన్నాడు. సాయంకాలం వచ్చి చదివాడు. ఆయనకు కొంచెం కోపం వచ్చింది.

బావ తన చేత్తో రాసిన ఒప్పందం నా పెట్టెలో ఉంది. "పునాది, గోడ, కప్పు ఇంటిగలవారివి. సున్నం, అలుకు, కాలువ కాపురమున్నవారివి." కోర్టు గుమాస్తా రాత గదా, ఒక్క కొట్టివేత లేదు. సున్నం ఊడితే ఎవరి పని? మీకు ముందు అదే ఇంట్లో బెల్లం వర్తకుడు తొమ్మిదేళ్లు ఉన్నాడు. బెల్లానికి చెమ్మంటే యముడు. ఆయన ఒక్కనాడూ నోరెత్తలేదు.

నువ్వు చిన్నప్పటినుంచీ నీళ్ల మనిషివి. ఆ గోడ పక్కన ఎన్ని కడవలు వరస పెట్టి ఉంటావో ఇక్కడినుంచే కనబడుతోంది. గోడ మాత్రం ఏం చేస్తుంది? కడవలు తీసెయ్. తలుపు తెరిచి పెట్టు. రెండు పూతలు సున్నం కొట్టించు.

ఆవణిలో మంచి రోజు చూసి కోడల్ని పంపు. నీ అల్లుడు రంగస్వామి పత్తి బస్తాల మీద కూర్చుని దారి చూస్తున్నాడు. ఏమిరా అంటే బస్తాలకు కాపలా అంటాడు. మీ వదిన అలవాటు కొద్దీ రోజూ ఒక ముద్ద ఎక్కువే చేస్తోంది, దాన్ని నేనే తినవలసి వస్తోంది.

నీ అన్న, నీ ఇంటిగలాయన
వరదరాజు


మదురై
ఆవణి 6

అన్నకు జానకి దండాలు.

కడవలు తీశాను. సున్నం నీ ఉత్తరం రాకముందే కొట్టించాను, రెండు పూతలు కాదు, మూడు. అప్పిచ్చిన డబ్బును గోడకు కొట్టిన సున్నం అంటారు గదా, తిరిగి రాదని. మా గోడ మీద సున్నమైతే రెండు వారాలకే తిరిగి నేలమీదికి వచ్చింది. బూజు మళ్లీ మొలిచింది.

ఈ వీధి మేస్త్రిని పిలిపించి చూపించాను. అతను గోడ అడుగున వేలు పెట్టి చూసి, "ఇది గోడ తప్పు లేదమ్మా, నేల తప్పు. ముందు ఇక్కడ కోట కందకం ఉండె. మన్ను పోసి పూడ్చినారు. మన్ను మరిచిపోయినాది గాని నీళ్లు మరిచిపోలేదు" అన్నాడు. బయటివైపు తవ్వి, గోడ అడుగున రాతి పలకలు పరిస్తే చెమ్మ పైకి ఎక్కదట. తూర్పు గోడకు ఒక కిటికీ పగలగొట్టాలట. బెల్లం వర్తకుడి సంగతి పక్కింట్లో అడిగాను. ఆయన వెనక గదిలో ఎద్దుల్ని కట్టేవాడట. ఎద్దులు నోరెత్తి చెప్పవు గదా.

ఇది సున్నం పని కాదు, పునాది పని. మీ బావ రాసిన ఒప్పందం ప్రకారమే నీ పని.

పంకజానికి రెండు రోజులుగా తుమ్ములు, చిన్న దగ్గు. గది మూలంగానే అనుకుంటాను. వచ్చే శుక్రవారం తర్వాత ఎప్పుడు బండి వచ్చినా పంపుతాను.

జానకి


అన్నూరు
ఆవణి 17

అమ్మా జానకీ,

సరే, ఓడిపోయాను. ఎద్దుల మాట చదివి మీ వదిన ఇంకా నవ్వుతూనే ఉంది. పునాది నాది, గోడ నాది.

మన బావి కట్టిన కుళందైసామి మేస్త్రిని బండిలో పంపుతున్నాను. ఎనిమిది రోజుల దారి. దారిలో సుమైతాంగి రాళ్లు ఎక్కడ కనబడితే అక్కడ, మోతవాళ్లు బరువు దించుకునే ఆ రాళ్ల మీద కూర్చుని, ఏది ఎవరి పేరిట పెట్టారో కథ చెబుతాడు. వాటిలో సగం తనే నిలబెట్టానంటాడు. ఒక రోజు ఆలస్యమైతే తిట్టవద్దు. పని మాత్రం బంగారం.

గోడ పని సగమయ్యాక అదే బండిలో కోడల్ని ఎక్కించి పంపు. మేస్త్రి నిదానంగా నడిచి వస్తాడు. బండిలో మెత్తగా ఉండాలని రంగస్వామి కొత్త పత్తి పరిచాడు. నేను చూడలేదనుకున్నాడు.

వరదరాజు


మదురై
పురట్టాసి 4

అన్నా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించాను.

కుళందైసామి వచ్చాడు. గడ్డపార దించకముందే వద్దన్నాను. రెండు పూటలు భోజనం పెట్టి, కట్టుకునే వేష్టి ఇచ్చి, వెనక్కి పంపాను. బండి ఖాళీగానే వస్తుంది. పంకజం ఇప్పుడు రాదు.

కారణం ఇప్పుడు చెప్పలేను. ఒక నెల ఓర్చుకో. చెడ్డ మాట కాదు. నా మీద కోపం పెట్టుకోవద్దు.

జానకి


అన్నూరు
పురట్టాసి 15

శ్రీమతి జానకమ్మాళ్‌కు,

ఖాళీ బండి చేరింది. పరిచిన పత్తి పరిచినట్టే ఉంది. దాన్ని రంగస్వామి ఎత్తి లోపల పెట్టాడు.

మేస్త్రి కావాలని నువ్వే అడిగావు. పంపితే గోడ ముట్టవద్దన్నావు. కోడల్ని పంపుతానని నువ్వే రాశావు. బండి పంపితే రాదన్నావు. మీ వదిన ఏమంటోందో చెప్పనా? "వాళ్లకు గోడ బాగు చేసుకునేదానికి మనసు లేదు. గోడ చూపించి పిల్లను మన ఇంటికి రానీకుండా పట్టుకునేదే పని." నేను కాదన్నాను. కాని కాదనడానికి నా దగ్గర కారణం ఏదీ లేదు. నువ్వు ఇవ్వలేదు గదా.

అత్త మీద కోపం దుత్త మీద చూపడం నాకు చేతకాదు. కాబట్టి తిన్నగా చెబుతున్నాను. ఇంటిగలవాడిగా నా పని నేను చేశాను. ఇక ఆ గోడ నీది.

వరదరాజు


మదురై
అయిప్పసి 8

అన్నా, వదినా, ఇద్దరూ కలిసి చదవండి.

పంకజవల్లికి నాలుగో నెల.

ఇప్పుడు చెప్పగలిగాను. పంకజానికి ముందు నాకు ఇద్దరు నిలవలేదు. రెండుసార్లూ నెల తప్పగానే సంతోషం పట్టలేక ఊరంతా చెప్పుకున్నాను. అందుకే మూడు నెలలు నిండేదాకా మీ బావకు కూడా చెప్పలేదు. మేస్త్రి గడప తొక్కేనాటికి నాకు ఒక్కదానికే తెలుసు. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా గోడ పగలగొట్టనిస్తానా? ఎనిమిది రోజులు బండి కుదుపులో పంపుతానా? నువ్వు తిడతావని తెలిసే పంపేశాను. తిట్లు పడ్డాను. సంతోషంగానే పడ్డాను.

కాని అన్నా, వానలు మొదలయ్యాయి. చెమ్మ భుజం ఎత్తుకు వచ్చింది. పిల్ల దగ్గు తగ్గలేదు. మీ బావ వేరే ఇల్లు చూస్తానంటారు. ఏమంటావు? ఇల్లు నీది, కోడలు నీది.

జానకి


అన్నూరు
అయిప్పసి 17

నా తల్లీ జానకీ,

నీ కాళ్లు పట్టుకోవాలి నేను. ఆ పాడు ఉత్తరం పొయ్యిలో వెయ్యి. మీ వదిన ఉత్తరం విని ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది, చివరికి పాలు పొంగించింది. రంగస్వామి పొలానికి పోతున్నానని పోయి, అన్నూరు సంత అంతా తిరిగి వచ్చాడు. చేతిలో ఏమీ లేదు, ముఖం నిండా నవ్వు.

వేరే ఇల్లు మాట మాత్రం ఎత్తవద్దు. కడుపుతో ఉన్న పిల్లను ఇల్లు మార్చరాదు. గోడ పగలగొట్టరాదు, నేల తవ్వరాదు, మేకు కూడా కొట్టరాదు. మేస్త్రిని తిప్పి పంపి నువ్వు చేసిందే సరి. మీ వదిన మన పెద్దలందరినీ అడిగింది, అందరిదీ ఒకే మాట. గదిలో కుంపటి పెట్టు, సాంబ్రాణి వెయ్యి. పంగుని నెలదాకా ఓర్చుకుంటే చాలు. బిడ్డ పుట్టనీ, ఆ గోడను నేను పొడి చేసి ఇస్తాను.

మునగాకు పొడి, ఇంట్లో కాచిన నెయ్యి పంపుతున్నాను. నెయ్యి కోడలికి. బావ కోర్టుకు పోయేటప్పుడు కలుపుకోకుండా చూడు.

నీ తప్పుల అన్న
వరదరాజు


మదురై
కార్తిక 16

అన్నా,

నెయ్యి అందింది. పిల్ల రెండు ముద్దలకన్న తినడం లేదు.

పదకొండు రోజులుగా ఎండ లేదు. కుంపటి పెడితే గోడ చెమర్చి నీళ్లు కారుతోంది, పొగకు పిల్ల ఇంకా దగ్గుతోంది. ముందు గదిలోకి మార్చాను. అక్కడ కప్పు కారుతోంది. పెంకు సర్దించాలన్నా ఇంటి మీదికి మనిషిని ఎక్కించరాదంటారు. మళ్లీ వెనక గదికే తెచ్చాను.

మంత్రసాని పాప్పాత్తి వచ్చి చూసి నన్ను కేకలు వేసింది. "ఏందమ్మా ఈ గది, బాయిలో ఉండినట్ల ఉండాది! కడుపుతో ఉండే పిల్లను ఇక్కడ పండబెట్టేదా?" ఆసుపత్రిలో కట్లు కట్టి మందులిచ్చే డ్రెస్సరును కూడా పిలిపించాం. రొమ్ములో చలి చేరింది, ఎండా గాలీ తగలాలి, ఈ గదిలోనుంచి తీసెయ్యండి అన్నాడు. మీ బావ గడ్డపార తెచ్చి తూర్పు గోడ మీదికి ఎత్తారు. నేను చేయి పట్టుకున్నాను. "అన్న మాట రానీయండి" అన్నాను. ఆయన గడ్డపార కింద పడేసి తిన్నె మీదికి పోయి కూర్చున్నారు.

పంకజం నన్ను చూసి నవ్వి, "మామకు రాయమ్మా. అత్తను మామే ఒప్పిస్తాడు. నేను అడిగితే లేదని ఎప్పుడూ చెప్పలే" అంది.

బాడుగ ఇచ్చేదానిగా అడగడం లేదు. సున్నం ఎవరిది, పునాది ఎవరిది అని అడగడం లేదు. ఆ గోడకు చెయ్యెడు కిటికీ పెట్టనివ్వు, లేదా మమ్మల్ని వేరే ఇంటికి పోనివ్వు. దోషం వస్తుందో రాదో నాకు తెలియదు. నాకు భయంగా ఉంది అన్నా. ఒక్క మాట రాయి.

జానకి


అన్నూరు
కార్తిక 24

జానకీ,

నీ ఉత్తరం నిన్న చేరింది. రాత్రంతా మీ వదినతో వాదించాను. ఆమెదీ భయమే, వేరే ఏమీ కాదు. చివరికి నేనే ఒక దారి తేల్చాను. ఆ గోడకు మొదటి దెబ్బ నా చేత్తో నేనే కొడతాను. దోషముంటే ఇంటిగలవాడి తల మీద పడనీ, పిల్ల మీదా బిడ్డ మీదా వద్దు. నేను వచ్చేదాకా మాత్రం ఎవరూ ముట్టవద్దు. బావకు చెప్పు, వేరే చేయి తగిలితే మీ వదిన మనసు నిలవదు.

ఎల్లుండి బయలుదేరుతున్నాను. రంగస్వామీ, కుళందైసామీ వస్తున్నారు. బిడ్డ పుట్టాక గోడ అడుగున పరచాలని ముందే చెక్కించి ఉంచిన మూడు నిలువెత్తు రాతి పలకలు బండిలో వేశాను. వాటి బరువుకు ఎద్దులు నిదానంగా నడుస్తాయి, పన్నెండు రోజులు పట్టవచ్చు. మార్గళి 5 ప్రాంతానికి పళనిలో ఉంటాను. ఏమైనా ఉంటే అక్కడ వీరమ్మాళ్ సత్రానికి రాయి. సీమంతానికి గాజులు కూడా తెస్తున్నాను. ఆకుపచ్చవి రంగస్వామి ఏరాడు, ఎరుపువి మీ వదిన ఏరింది. ఏవి ముందు వేసుకోవాలో మీరే తేల్చుకోండి.

ఒక మాట దాచాను. నాన్న ఆ స్థలం కొన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. కందకం మన్ను ఇంకా తడిగానే ఉండింది. చవకగా వస్తోందని నేనే కొనమన్నాను. ఇల్లు కట్టాక మరిచిపోయాను. నువ్వు మొదటి ఉత్తరం రాసిన రోజే గుర్తుకు వచ్చింది. అయినా కడవల మీదికి తోసి నవ్వులాట చేశాను. వచ్చాక నన్ను ఎన్నైనా అను.

పంకజానికి చెప్పు, మామ వస్తున్నాడని.

వరదరాజు


మదురై
మార్గళి 1

పళనిలో వీరమ్మాళ్ సత్రంలో దిగే అన్న వరదరాజుకు,

అన్నా, ముందు నువ్వు ఒక్కడివే చదువు. తర్వాత రంగస్వామికి నువ్వే చెప్పు. వాడికి నేను రాయలేను.

కార్తిక 29 తెల్లవారుజామున పంకజవల్లి పోయింది. కడుపులో బిడ్డా పోయింది. నీ ఉత్తరం ఆ రోజు మధ్యాహ్నం వచ్చింది. సాగనంపడానికి మీకోసం ఆగలేకపోయాం.

ముందు రోజు సాయంకాలం ఒక గడియ ఎండ వచ్చింది. తిన్నె మీద కూర్చోబెట్టాను. "అమ్మా, ఎండ వాసనే మరిచిపోయినాను" అంది. నీ మాట కోసం ఎదురు చూస్తూనే ఉంది. మామ బయలుదేరి ఉంటాడని నేనే అబద్ధం చెప్పాను. అది నిజమేనని తర్వాత తెలిసింది.

ఆ గోడ ఎవరిదని ఇన్నాళ్లు పోట్లాడుకున్నాం. కందకం మాట నువ్వు దాచావు. నెల తప్పిన మాట నేను దాచాను. నేను మేస్త్రిని తిప్పి పంపకపోతే పురట్టాసి ఎండకే గోడ ఆరి ఉండేది. మీ బావ గడ్డపార ఎత్తినప్పుడు చేయి పట్టుకోకపోయినా కిటికీ ఉండేది. నిన్ను అనడానికి నాకు నోరు రావడం లేదు. నన్ను అనడానికి నీకూ రాదని తెలుసు. మనిద్దరిలో ఎవరో ఒకరైనా కట్టుబాటు పక్కన పెట్టి పిల్ల ముఖం చూసి ఉండవలసింది అన్నా. చూడలేదు.

ఇప్పుడు ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు ఎవరూ లేరు. గోడ పగలగొట్టవచ్చు, నేల తవ్వవచ్చు, ఇల్లు మారవచ్చు. మేము మారుతున్నాం. పాప్పాత్తి తన వీధిలో రెండు గదులు చూపించింది. వాటికి కిటికీలున్నాయి. మీ బావ తాళంచెవి నీ చేతికే ఇస్తారట. ఆ వెనక గదిని మాత్రం మనుషులు ఉండటానికి ఎవరికీ బాడుగకు ఇవ్వవద్దు. అంతే నేను అడిగేది.

నీ బండిలో మూడు రాళ్లున్నాయి. వాటిని మదురై దాకా తేవద్దు. ఎద్దులకు బరువు. కడుపుతో పోయిన ఆడదాని పేరిట సుమైతాంగి నిలబెట్టడం మన దారుల్లో ఉన్నదే. దించుకోలేని బరువుతో పోయింది గనుక, ఆ రాతి మీద దారినపోయేవాళ్లు బరువు దించుకుంటే ఆమె బరువూ దిగుతుందని చెబుతారు. నిలువు రాళ్లు రెండు, అడ్డంగా పైన ఒకటి. నువ్వు చెక్కించినవి సరిగ్గా సరిపోతాయి. కుళందైసామి పక్కనే ఉన్నాడు, ఎలా పెట్టాలో అతనికి తెలుసు.

పళని దాటాక, దగ్గర్లో నీళ్లు దొరికే చోట, ఎండ బాగా తగిలే చోట పెట్టించు. పంకజవల్లి పేరు చెక్కించు. మన పేర్లు వద్దు. మరీ ఎత్తు వద్దు అన్నా. తల మీద మోతతో ఒంటరిగా వచ్చే ఆడమనిషి, ఎవరి సాయం అడగకుండా దించుకునేంత ఎత్తు చాలు.

జానకి